కనకగండి నడిపి కొడుకు

అనగా అనగా, పిట్టలకు ఇంకా మాటలు పోని కాలంలో, కనకగండి అనే రాజ్యాన్ని కీర్తికేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆ రాజుకు ముగ్గురు రాణులు. ముగ్గురు రాణులకూ ముగ్గురు కొడుకులు. ముగ్గురు కొడుకులకూ ముగ్గురు తాతలు. చిక్కల్లా ఆ తాతలతోనే వచ్చింది.

పెద్దరాణి పులిగుట్ట దొరల ఆడపడుచు. పులిగుట్ట వాళ్లకు గుర్రాలున్నాయి. నడిపిరాణి నీలకోన దొరల ఆడపడుచు. నీలకోన వాళ్లకు ధాన్యపు గాదెలున్నాయి. చిన్నరాణి తాటిదిబ్బ దొరల ఆడపడుచు. తాటిదిబ్బ వాళ్లకు పడవలున్నాయి. గుర్రాలున్నవాళ్లకు ధాన్యం మీద కన్ను, ధాన్యమున్నవాళ్లకు పడవల మీద కన్ను, పడవలున్నవాళ్లకు గుర్రాల మీద కన్ను. ముగ్గురికీ సింహాసనం మీద కన్ను. రాజు బాగున్నన్నాళ్లూ ముగ్గురు దొరలూ పండగలకు వచ్చి, పక్కపక్కనే కూచుని భోంచేసి, ఒకరినొకరు తెగ పొగుడుకుని, ఇంటికెళ్లి కత్తులు నూరుకునేవాళ్లు.

తాతలు అలా ఉన్నా మనవళ్లు అలా లేరు. ముగ్గురూ ఒక్క వాకిట్లో ఆడుకుని, ఒక్క పళ్లెంలో తిని పెరిగారు. పెద్దవాడు పేరుకు రణధీరుడే గానీ గుర్రాల మెడలు నిమరడం తప్ప వాడికి వేరే యావ లేదు. చిన్నవాడు కుముదుడు, నీళ్లు కనిపిస్తే చాలు దూకేసేవాడు. నడిపివాడు మణిమంతుడు. ఇంట్లో ఎవరి గొంతు పెరిగినా ఈ మణిమంతుడికి అన్నం సహించేది కాదు. అందుకని ఒకరి కోపం ఇంకొకరి చెవిన పడేలోగా దాన్ని కాస్త మెత్తగా చేసి చేరవేస్తుండేవాడు. పెద్దవాడికి పెద్దరికం ఉంది, చిన్నవాడికి గారాబం ఉంది, నడిపివాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

ఇలా ఉండగా ఒకనాడు రాజు భోజనానికి కూచుని, చారు కలుపుకుంటూ కలుపుకుంటూనే నిద్రలోకి జారిపోయాడు. లేపితే లేవలేదు. ఊపిరి ఆడుతోంది, కళ్లు తెరవడు. వైద్యులు వచ్చారు, చూశారు, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. అప్పుడు జటిలుడనే మాంత్రికుడొకడు కోటకు వచ్చాడు. వీపంతా జడలు, మెడలో ఎముకల దండ, మాట మాత్రం తేనె. వాడు రాజు మంచం పక్కన చేరి, రాజు నోటి దగ్గర చెవి పెట్టి, రాజుగారు మాట్లాడుతున్నారు, నాకొక్కడికే వినిపిస్తోంది అన్నాడు.

మొదట్లో ఆ మాటలు చిన్నవే. దీపం వత్తి తగ్గించమంటున్నారు అనేవాడు, తగ్గించేవాళ్లు. తలగడ మార్చమంటున్నారు అనేవాడు, మార్చేవాళ్లు. ఆ తర్వాత పెద్దకొడుకుని పులిగుట్టకు వెళ్లి ఉండమంటున్నారు అన్నాడు. చిన్నకొడుకుని తాటిదిబ్బకు వెళ్లి ఉండమంటున్నారు అన్నాడు. రాజు మాట గనక ఇద్దరూ వెళ్లారు. నడిపికొడుకు గురించి రాజుగారు ఏమీ అనలేదట.

అన్నదమ్ములు విడిపోయిన నాటినుంచీ రాజ్యంలో గాలే మారిపోయింది. పులిగుట్టలో గుర్రాలకు లాడాలు కొడుతున్నారని ఒకరు చెప్పారు. తాటిదిబ్బలో పడవలకు కొత్త తెరచాపలు కుడుతున్నారని ఇంకొకరు చెప్పారు. నీలకోన తాత గాదెల తలుపులు మూయించి, మనవణ్ని పిలిపించి, "నీ అన్నా తమ్ముడూ నీ ప్రాణం తీయడానికి చూస్తున్నారు. వాళ్లకంటే ముందు మనమే లేవాలి," అన్నాడు. ఎవరు చెప్పారు తాతా అని మణిమంతుడు అడిగితే, అది నీకనవసరం అన్నాడు. వచ్చే పున్నమినాడు నిండు సభలో రాజుగారు తన వారసుడి పేరు చెబుతారని జటిలుడు చాటింపు వేయించాడు. ఏ పేరు వినిపించినా మిగతా ఇద్దరి తాతలూ కత్తులు దూస్తారని పసిపిల్లలకు కూడా తెలుసు. మణిమంతుడికి ముద్ద గొంతు దిగడం మానేసింది.

ఆ రోజుల్లో రాజుకు పొద్దునా సాయంత్రం చెంచాతో పాలు పడుతున్నది కువలయ అనే అమ్మాయి. పెద్దరాణికి అన్న కూతురు, పులిగుట్ట దొరకు మనవరాలు. ఆమెను రణధీరుడికిచ్చి పట్టపురాణిని చేయాలని ఆ దొర ఎప్పుడో అనుకున్నాడు. అది తెలుసు గనకనే మణిమంతుడు ఆ అమ్మాయి ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆమే ఒకరోజు అతన్ని ఆపింది.

"బావా, ఆ జటిలుడి ఒంట్లో ప్రాణం లేదు," అంది.

మణిమంతుడు అర్థం కానట్టు చూశాడు. కువలయ చెప్పుకొచ్చింది. మొన్న ఆమె చేతిలోంచి మరిగే పాలు జారి జటిలుడి పాదం మీద పడ్డాయట. వాడు కాలు కూడా కదపలేదట. కానీ నిన్న, చుట్టుపక్కల ఎవరూ లేకుండానే, భుజం పట్టుకుని కెవ్వుమన్నాడట. చూస్తే భుజం మీద గీత కూడా లేదట. ఆమె పెంచుకునే గోరింక ఆ ముడి విప్పింది. నిన్న ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో డేగ ఒకటి పంజరంలోని చిలక మీద పడి రెక్క గీరిందనీ, వలసపిట్టలు ఆ సంగతే చెప్పుకుంటున్నాయనీ అది చెప్పింది. జటిలుడి ప్రాణం ఆ చిలకలో ఉంది.

"నేను పాలు పట్టడం మానితే మామయ్య బతకరు. కాబట్టి నేను రాలేను," అంది కువలయ. "గోరింకను తీసుకుపో. నువ్వెక్కడని అడిగితే తాతగారింట్లో ఉన్నావని చెబుతాను."

తనను ఒకరు ఒక పని అడగడం మణిమంతుడికి అదే మొదలు. సరేనన్నాడు.

ముందు పులిగుట్టకు వెళ్లి అన్నను కలిశాడు. నేను తిరిగొచ్చేదాకా కత్తి బయటికి రానీయకు అన్నయ్యా అని అడిగాడు. రణధీరుడు తల గోక్కుని, కోట తాతది, సైన్యం తాతది, నా మాట వినేది గుర్రాలే, అయినా చేతనైనంత చేస్తాను అన్నాడు. తర్వాత తాటిదిబ్బకు వెళ్లి తమ్ముణ్ని కలిశాడు. అదే మాట అడిగాడు. కుముదుడు నవ్వి, చేతనైనంత చేస్తాలే, నువ్వు మాత్రం మునిగిపోకుండా రా అన్నాడు.

గోరింక భుజం మీద కూచుని దారి చెబుతుంటే మణిమంతుడు అడవులన్నీ దాటుకుంటూ పోయాడు. ఒక అడవిలో అలుగు ఒకటి వేటగాళ్ల ఉచ్చులో తోక ఇరుక్కుని గిలగిలలాడుతోంది. మణిమంతుడు ఉచ్చు కోసి విడిపించాడు. అలుగు పొలుసులు దులుపుకుని, "నాకు తవ్వడం తప్ప ఏమీ రాదు. అయినా నీ వెంట వస్తాను," అని వెంట నడిచింది. సముద్రపు ఒడ్డుకు చేరేసరికి ఇల్లంత తాబేలు ఒకటి వెల్లకిలా పడి, కాళ్లు ఆడిస్తోంది. అలుగు కింద ఇసక తవ్వింది, మణిమంతుడు భుజం పెట్టి నెట్టాడు, తాబేలు మళ్లీ కాళ్ల మీద నిలబడింది. చాలాసేపు ఊపిరి తీసుకుని, ఎటు పోవాలో చెప్పమంది.

తాబేలు వీపెక్కి ముగ్గురూ బయల్దేరారు. మొదటిది ఉప్పు సముద్రం. దాహమేసినా గుక్కెడు తాగడానికి లేదు, దాటారు. రెండోది చెరుకురసం సముద్రం. తాబేలు ఈదడం మానేసి తాగడం మొదలుపెట్టింది, గోరింక నెత్తిమీద పొడిస్తే గానీ కదల్లేదు, దాటారు. మూడోది కల్లు సముద్రం. అందరూ ముక్కులు మూసుకున్నారు, దాటారు. నాలుగోది నేతి సముద్రం. తాబేలు వీపు జారుతుంటే మణిమంతుడు బోర్లా పడుకుని అంచులు పట్టుకున్నాడు, దాటారు. అయిదోది పెరుగు సముద్రం, అందులో ఈత కాదు, పాకుడే, దాటారు. ఆరోది పాల సముద్రం, తెల్లగా, చల్లగా, చప్పుడు లేకుండా ఉంది, దాటారు. ఏడోది మంచినీళ్ల సముద్రం. కడుపునిండా తాగి, ముఖాలు కడుక్కుని, దాన్నీ దాటారు.

దీవి మీద చెట్టు లేదు, గడ్డిపరక లేదు. మూడు గోడల కోట ఒకటుంది. గోడలకు గుమ్మాలు లేవు. ఆకాశంలో ఎగిరొచ్చే జటిలుడికి గుమ్మంతో పనేముంది? అలుగు ముందుకొచ్చింది. ఇనప గోడ కింద తవ్వింది, రాతి గోడ కింద తవ్వింది, కంచు గోడ కింద తవ్వింది. మణిమంతుడు పాక్కుంటూ లోపలికి పోయి లేచి నిలబడితే, ఎదురుగా బంగారు పంజరం, అందులో చిలక.

చిలక అతన్ని చూసి మూలకు నక్కింది. "మెడ విరవడానికే వచ్చి ఉంటావు. విరిచేముందు నాకొక్కసారి చెట్టు చూపించు. చెట్లని ఉంటాయట, నేనెప్పుడూ చూడలేదు," అంది.

గోరింక మణిమంతుడి చెవిలో, ఇక ఆలస్యమెందుకు, ఒక్క మెలి తిప్పితే అక్కడ వాడు చస్తాడు అంది. మణిమంతుడు పంజరంలో చెయ్యి పెట్టి చిలకను పట్టుకున్నాడు. అరచేతిలో దాని గుండె దడదడా కొట్టుకోవడం తెలిసింది. అతని చెయ్యి బిగుసుకోలేదు. ఇంత చిన్న ప్రాణి ఏం పాపం చేసిందనిపించింది. జటిలుడు చచ్చినంత మాత్రాన నాన్న లేస్తాడని నమ్మకమేమిటనీ అనిపించింది. పైగా వాడు హఠాత్తుగా చస్తే, రాజుగారి మాట వినేవాణ్ని మీరే చంపారంటే మీరే చంపారని తాతలు ముగ్గురూ అదే రోజు కొట్టుకుంటారు. అసలు వాడేం చేశాడో ఎవరికీ తెలియకుండానే పోతుంది.

జటిలుడు ఇక్కడికి వచ్చినప్పుడు ఏం చేస్తాడని చిలకను అడిగాడు.

"ఏం చేస్తాడు, మాట్లాడతాడు," అంది చిలక. "వాడికి నమ్మదగ్గవాళ్లు ఎవరున్నారు గనక? ఎవరితో ఏం చెప్పాడో, ఎందుకు చెప్పాడో, అంతా నాకు చెప్పుకుంటాడు. వినడం తప్ప నాకూ వేరే పని లేదు."

మణిమంతుడికి గుండెల మీంచి బండ కొంచెం పక్కకు జరిగినట్టయింది. "నిన్ను చంపను. ఎవర్నీ చంపనివ్వను. విన్నదంతా విన్నట్టు మా సభలో చెబుతావా?" అన్నాడు.

"చెబితే వాడు నన్ను బతకనిస్తాడా?"

"నీ మెడ విరిస్తే విరిగేది వాడి మెడే కదా."

చిలక తల ఒక పక్కకు వంచి ఆలోచించింది. ఆలోచించి, ఆ కోటలో మొట్టమొదటిసారి నవ్వింది.

వచ్చిన దారినే ఏడు సముద్రాలూ తిరిగి దాటారు. అలుగు ఇల్లు ఆ అడవిలోనే గనక అక్కడ ఆగిపోయింది. తాబేలు ఒడ్డునే ఉండి సెలవు తీసుకుంది. చిలకకు మొదటి చెట్టు కనిపించినచోట మణిమంతుడు పంజరం దించి తలుపు తీశాడు. అది నేరేడు చెట్టు. చిలక కొమ్మ మీదికి ఎగిరి, ఆకుల్లోకి దూరి, ఎంతసేపటికీ రాలేదు. ఎగిరిపోతే అంతా పోయినట్టే. అయినా మణిమంతుడు పిలవలేదు. నోటినిండా నీలిరంగుతో అదే దిగొచ్చి అతని చేతిమీద వాలింది.

కనకగండి పొలిమేరలోని కొండ ఎక్కేసరికి పున్నమి రానే వచ్చింది. కిందికి చూసి మణిమంతుడు చతికిలబడ్డాడు. కోట చుట్టూ మూడు దిక్కులా గుడారాలు. ఒక దిక్కున పులిగుట్ట జెండా, ఒక దిక్కున తాటిదిబ్బ జెండా, ఒక దిక్కున తన తాత జెండా. అన్న ఉన్నాడో లేడో, తమ్ముడు ఉన్నాడో లేడో. అయినా లేచి కొండ దిగాడు.

కొండ కింద చింతతోపులో ఇద్దరు కూచుని వేయించిన వేరుశెనగలు తింటున్నారు. ఒకడు రణధీరుడు, ఒకడు కుముదుడు. మణిమంతుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వాళ్ల మధ్య కూలబడి ఏడ్చేశాడు.

వాళ్లు చేసిన పనులు వాళ్లే చెప్పారు. పులిగుట్ట గుర్రాలన్నింటినీ రణధీరుడు విప్పి కొండల్లోకి తోలేశాడట. ఆ గుర్రాలు వాడు ఈల వేస్తేనే వస్తాయి, వాడేమో ఈల వేయడం మరిచిపోయానన్నాడట. పులిగుట్ట సైన్యం చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చింది. కుముదుడు తాటిదిబ్బ పడవల తెడ్లన్నీ నీళ్లలో వదిలేసి, వరదకు కొట్టుకుపోయాయన్నాడట, ఆ సైన్యమూ నడిచే వచ్చింది. వానే లేదు కదా, వరదెక్కడిదని వాళ్ల తాత ఇప్పటికీ అడుగుతున్నాడట. ఒకడు చేసింది ఇంకొకడికి తెలియదు. ఇవాళ తోపులో కలిసినప్పుడే ఇద్దరికీ తెలిసింది. మణిమంతుడు కన్నీళ్లు తుడుచుకోకుండానే నవ్వాడు. ఇంటినుంచి బయల్దేరాక అతను గుప్పెడు తిండి తృప్తిగా తిన్నది ఆ తోపులోనే.

సభ నిండిపోయింది. రాజును మంచంతో సహా తెచ్చి సింహాసనం పక్కన పెట్టారు. కువలయ కాళ్ల దగ్గర నిలబడింది. జటిలుడు తలాపున కూచున్నాడు గానీ మనిషి వడిలిపోయి ఉన్నాడు. ఈ మధ్య వాడికి ఊరికే కడుపులో తిప్పుతోందని, ఒకరోజైతే తప్పతాగినట్టు తూలి స్తంభాన్ని పట్టుకుని పాట పాడాడని దాసీలు గుసగుసలాడుకుంటున్నారు. కల్లు సముద్రం దాటుతున్నప్పుడు చిలక పంజరంలోంచి ముక్కు బయట పెట్టిన సంగతి వాళ్లకేం తెలుసు.

జటిలుడు రాజు నోటి దగ్గర చెవి పెట్టబోయాడు. అప్పుడు మణిమంతుడు సభ మధ్యకు వచ్చి పంజరం మీది ఉత్తరీయం తీశాడు. జటిలుడి ముఖంలో రక్తం లేదు.

చిలక అచ్చం జటిలుడి గొంతుతో మొదలుపెట్టింది. "పులిగుట్ట దొరా, నీ మనవడి పాలలో విషం కలపడానికి నీలకోన వాళ్లు మనిషిని పంపారు. నీ మీద అభిమానంతో చెబుతున్నాను, ఎవరితోనూ అనకు."

పులిగుట్ట దొర ఉలిక్కిపడ్డాడు.

"నీలకోన దొరా, నీ మనవడి పాలలో విషం కలపడానికి తాటిదిబ్బ వాళ్లు మనిషిని పంపారు. నీ మీద అభిమానంతో చెబుతున్నాను, ఎవరితోనూ అనకు."

మణిమంతుడి తాత తల దించుకున్నాడు.

"తాటిదిబ్బ దొరా, నీ మనవడి పాలలో విషం కలపడానికి పులిగుట్ట వాళ్లు మనిషిని పంపారు. నీ మీద అభిమానంతో చెబుతున్నాను, ఎవరితోనూ అనకు."

ముగ్గురు ముసలివాళ్లూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తనొక్కడికే చెప్పిన రహస్యమని ఇన్నాళ్లూ గుండెల్లో దాచుకున్న మాట, పేరు మార్చి పక్కవాడికీ చెప్పిందేనని ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది.

చిలక ఆగలేదు. "ముగ్గురూ పొడుచుకుని పోతారు చిలకా. రాజు కాలి బొటనవేలికి నేను కట్టిన నల్లదారం ఉన్నంతకాలం వాడు లేవడు. ఖాళీ సింహాసనం మీద నేను కూచుంటాను, నీకు వజ్రాల పంజరం చేయిస్తాను."

జటిలుడు మంత్రదండం ఎత్తి చిలక మీదికి దూకాడు. దండం గాలిలోనే ఆగిపోయింది. కొడితే చచ్చేది తనే. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, కాసేపు నిలబడి, మెల్లగా దించేశాడు.

ఈలోగా కువలయ రాజు పాదం మీది దుప్పటి తొలగించి, బొటనవేలి దారాన్ని పళ్లతో కొరికేసింది. కీర్తికేతుడు ఆవలించాడు. లేచి కూచున్నాడు. చుట్టూ చూసి, "ఇంతమంది వచ్చారేమిటి, చారు చల్లారిపోయిందా?" అని అడిగాడు. పెద్దరాణి నవ్వింది, నడిపిరాణి నవ్వింది, చిన్నరాణి నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత సభ సభంతా నవ్వింది.

ముగ్గురు తాతలూ కత్తులు దూసి జటిలుడి మీదికి వెళ్లారు. మణిమంతుడు అడ్డం నిలిచాడు. వాణ్ని చంపాలంటే చిలకను చంపాలని, చంపనివ్వనని చిలకకు తాను మాటిచ్చానని చెప్పాడు. అంతవరకూ అతను అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. జటిలుడి దండం విరిచి పొయ్యిలో పెట్టారు. చిలకను తోటలో వదిలారు, దాన్ని కంటికి రెప్పలా చూసుకునే పని జటిలుడికే ఇచ్చారు. చెప్పకపోయినా చూసుకునేవాడే. పిల్లి కనిపిస్తే కర్ర పట్టుకుని పరిగెత్తే మాంత్రికుణ్ని మీరెక్కడైనా చూశారా? కనకగండిలో రోజూ చూసేవాళ్లు.

రాజు జరిగిందంతా విని, వారసుడెవరో ఇప్పుడే తేల్చాలన్నాడు. అన్నయ్య ఉన్నాడు కదా అన్నాడు మణిమంతుడు. నాకిస్తే గుర్రాలకు సెలవులివ్వడం తప్ప ఏమీ చేయలేనన్నాడు రణధీరుడు. నన్ను చూడకండి అన్నాడు కుముదుడు. అందరికంటే ముందు లేచింది పులిగుట్ట దొర. ఆయన మణిమంతుడి తాత కాదు, పడనివాడు. "ఇన్నాళ్లూ నా మనవడు, నా మనవడు అన్నాను. మా అందర్నీ బతికించింది ఈ పిల్లవాడు. సింహాసనం ఇతనిది," అన్నాడు. తాటిదిబ్బ దొర అవునన్నాడు. నీలకోన తాత వచ్చి మనవడి చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు పులిగుట్ట దొర మనవరాలి వైపు తిరిగి, పెళ్లి సంగతి నేనే అనుకున్నాను గానీ నిన్నెప్పుడూ అడగలేదమ్మా, నీ మనసులో ఏముంది అన్నాడు.

"ఆయన దూరం నుంచి వచ్చి ఇంకా మంచినీళ్లు తాగలేదు తాతయ్యా. ముందు అవి ఇవ్వనివ్వండి," అని కువలయ చెంబు తీసుకుని మణిమంతుడి దగ్గరికి నడిచింది. అందరికీ అర్థమైంది. మణిమంతుడు ఈసారి తల దించుకోలేదు.

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. మూడు సైన్యాలూ ఎలాగూ అక్కడే ఉన్నాయి గనక పందిళ్లు వాళ్లే వేశారు. యుద్ధానికి మోసుకొచ్చిన బియ్యం పెళ్లి వంటకు సరిపోయింది. మణిమంతుడు చాలాకాలం ఏలాడు. పులిగుట్ట పిల్లను తాటిదిబ్బకిచ్చారు, తాటిదిబ్బ పిల్లను నీలకోనకిచ్చారు, నీలకోన పిల్లను పులిగుట్టకిచ్చారు. కొన్నేళ్లకు ఎవరు ఏ కోటవాళ్లో వాళ్లకే తెలియకుండా పోయింది. ఎవరికైనా ఎవరి మీదైనా కోపమొస్తే, అవతలివాడు మామో బావో వియ్యంకుడో అయ్యేవాడు. తిట్టుకుని, భోంచేసి, వెళ్లిపోయేవాళ్లు. ముసలి తాతలు ముగ్గురూ మునిమనవల్ని ఒళ్లో వేసుకుని ఒకే అరుగు మీద ఎండ కాచుకునేవాళ్లు.

వాళ్లంతా చల్లగా ఉన్నారు. కథ దాని ఊరు చేరింది, ఇక మీరు మీ పక్కలు చేరండి.